పళ్ళు లేని పొట్టోడు

పోయిన వారం ఎల్లారెడ్డి బస్సులో నా ఎదురు సీటు ముసలాయన కండక్టరు అన్న మాటకు పడీ పడీ నవ్వాడు. మాట నాకు వినపడలేదు. పళ్ళు మాత్రం కనపడ్డాయి. పైవరసలో ఎడమ కోరపన్ను పక్కదాని మీదికి కొంచెం ఒరిగి ఉంది, అచ్చం పుట్టుకతో వచ్చిన పన్నులాగే. ఆ ఒరగడం ఎవరి చేతిపనో నాకు తెలుసు. "అన్ని సక్కగ ఉంటె సచ్చినోని పండ్ల లెక్క ఉంటయి బిడ్డా, ఒక్కటన్న వంకరుండాలె" అనేవాడు ఆ పళ్ళు కట్టిన పెద్దాయన. మనిషి పోయి ఏడాది కావస్తోంది. కామారెడ్డిలో, ఎల్లారెడ్డిలో, గాంధారి తండాల్లో ఆయన కట్టిన పళ్ళు ఇంకా జొన్నరొట్టె నములుతూనే ఉన్నాయి. ఆయన నోట్లో మాత్రం ఒక్క పన్ను కూడా ఉండేది కాదు.

డాక్టరేమీ కాదు. డాక్టర్లు నోటి కొలతలు తీసి పంపిస్తే పళ్ళసెట్లు కట్టి ఇచ్చేవాడు. కామారెడ్డిలో స్టేషను రోడ్డు నుంచి లోపలికి తిరిగే గల్లీలో కింద ఆయన పనిగది, దాని వెనక ఆయనా అవ్వా ఉండే రెండు గదులు, పైన నేను అద్దెకున్న వాటా. నేను బడిలో తెలుగు చెప్పుకునేదాన్ని. ఆయనను బాపు అనేదాన్ని, ఆయన భార్యను అవ్వ అనేదాన్ని. "బాపూ, ఊరందరికి కడుతవు, నువ్వెందుకు పెట్టుకోవు?" అని ఒకసారి అడిగాను. "నేను జేసింది నేనే పెట్టుకుంటె తప్పులన్ని తెలుస్తయి. ఇగ పనెట్ల జేసుడు?" అన్నాడు. చిగుళ్ళతోనే వేయించిన పల్లీలు తినేవాడు. ఆ విద్య చూడటానికి పళ్ళసెట్ల కోసం వచ్చినవాళ్ళు గుమ్మంలో ఆగిపోయేవారు. తన వ్యాపారానికి అంత చెడ్డ ప్రచారం చేసుకున్న మనిషిని నేను ఇంకొకరిని చూడలేదు.

మా పరిచయం గోళ్ళ రంగుతో మొదలైంది. నేను ఆ వాటాలో దిగిన కొత్తలో ఒక సాయంత్రం తలుపు చప్పుడైంది. తీస్తే లుంగీ, బనీను, బోసినోరు.

"బిడ్డా, గోర్ల రంగున్నదా?"

"ఎవలికి?"

"నాకే. పచ్చది గావాలె. ఎర్రది అవ్వ తాన ఉన్నది."

తలుపు వేసేసేదాన్నే. ఇంతలో కింది నుంచి అవ్వ గొంతు వినపడింది. "ఇయ్యకు బిడ్డా! ఒక్కసారి ఇచ్చినవంటె ఇగ నీ డబ్బ నీది గాదు!"

అవ్వ వద్దన్నది కాబట్టి ఇచ్చాను. ఇచ్చాక ఉండబట్టలేక, నా సీసా ఏమైపోతుందో చూద్దామని వెనకాలే దిగాను. పనిగదిలో బల్ల నిండా ప్లాస్టరు దవడలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. వాటి మధ్య బొటనవేలంత ఎత్తున ఒక దండు నిలబడి ఉంది. కొమ్ముల టోపీలు పెట్టుకున్న పొట్టివాళ్ళు, కప్పమూతి రాక్షసులు, గద పట్టుకున్న రెండు తలల లావుపాటివాడు. అందరికీ తలకాయలు పెద్దవి, చేతులు పెద్దవి, కాళ్ళు మాత్రం బొటాబొటీ. ఒంటి మీద రంగులు పెండ్లిబండికి వేసినంత కొట్టొచ్చినట్టు ఉన్నాయి. ఒక్కొక్కడూ ఒక కోటు గుండీ మీద నిలబడ్డాడు. గుండీ మీద నేల కోసం తాగేసిన చాయ్‌పత్తిని ఎండబెట్టి అంటించాడు. ఆ గుండీ అంచుకే నా గోళ్ళ రంగు.

"అంచు పచ్చగ లేకపోతె వాడు యుద్ధానికి పనికిరాడు" అన్నాడు, నా సీసా మూత తిప్పుతూ. ఆ సీసా మళ్ళీ నా దగ్గరికి రాలేదు.

ఈ పిచ్చి దుబాయి నుంచి వచ్చింది. అవ్వ తమ్ముడు అక్కడ ఒక దొర ఇంట్లో పనిచేసేవాడు. దొర తన దేశం పోతూ పారేసిన పెట్టెను ఆటబొమ్మలనుకుని మోసుకొచ్చాడు. అందులో సీసపు బొమ్మలు, పాచికలు, వాటితో బల్ల మీద యుద్ధం ఆడే పద్ధతి రాసిన చినిగిన పుస్తకం ఉన్నాయి. చుట్టాల పిల్లలెవరూ వాటిని ముట్టలేదు. ఈయన ముట్టాడు. ముట్టినవాడు ఊరుకోక, వాటిని చూసి సొంత రాక్షసులను చేయడం మొదలుపెట్టాడు. చేతిలో పనిముట్లు ఎటూ ఉన్నాయి. పళ్ళకు మైనం చెక్కే కత్తితోనే ముక్కులు చెక్కేవాడు. మైనం బొమ్మ చుట్టూ ప్లాస్టరు పోసి కాలిస్తే మైనం కరిగిపోతుంది. ఆ ఖాళీలో సీసం, తగరం కలిపి పోసి, చల్లారాక ప్లాస్టరు పగలగొడితే బొమ్మ బయటికి వస్తుంది. అచ్చు ముక్కలైపోయింది గనక అలాంటిది ఇంకొకటి రాదు. మళ్ళీ అలాంటిదే ఒకటి చెయ్యమంటే కోపం వచ్చేది. "ఒకని సెట్టు ఇంకొకని నోట్లె పడుతదా?" అనేవాడు.

రాక్షసుల పళ్ళ కోసం మాత్రం ఊహను కష్టపెట్టలేదు. ఎదురుగా ఇన్ని దవడలు పెట్టుకుని ఊహ ఎందుకు? ఎవరి అచ్చు నచ్చితే వాళ్ళ పళ్ళు దిగిపోయేవి. ఒక ఊరి మాజీ సర్పంచి తన సెట్టు బిగుతుగా ఉందని చెప్పడానికి వచ్చి, బల్ల మీద గదపట్టిన రెండు తలలవాడిని చూశాడు. ముందు పళ్ళ మధ్య సందు, కిందిదవడ ముందుకు రావడం, అన్నీ తనవే, అదీ రెండుసార్లు. నేను మెట్ల మీద నిలబడి, ఇక కొట్లాటే అనుకున్నాను. ఆయన కండ్లద్దాలు సవరించుకుని చాలాసేపు చూశాడు.

"గిది నేనే గదా?"

"మీరే పటేలా."

"ఎంతమందిని సంపిన?"

అప్పటి నుంచి ఆయన సోమవారం సోమవారం ఫోన్ చేసి, నిన్న యుద్ధంలో తన తలలు ఏం చేశాయో కనుక్కునేవాడు. పదవి పోయిన తర్వాత ఆయన గురించి ఎవరైనా మాట్లాడుకుంటున్నది అక్కడే కాబోలు.

పళ్ళ సామాన్లు అమ్మే కుర్ర ఏజెంటు ఒకసారి కంప్యూటరులో గీసి మిషనుతో తీసిన బొమ్మ తెచ్చాడు. గడ్డంలో వెంట్రుకలు, కవచానికి మేకులు, అన్నీ ఉన్నాయి. ఈయన దాన్ని వెలుతురుకు పెట్టి, తిప్పి, ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు. "ఎంటికెలు లెక్కవెట్టచ్చు గని, వీడు మంచోడో లంగనో తెల్వది. తలకాయ జర పెద్దగ జెయ్యమను" అని తిరిగి ఇచ్చేశాడు.

యుద్ధాలు ఆదివారాలు ఎల్లారెడ్డిలో, నేల మీద చాప పరిచి జరిగేవి. అక్కడ తాళ్ళు, వలలు అమ్మే దుకాణం ఆయన ఒకరు ఈయనకు చిన్ననాటి దోస్తు. నాలుగు గిన్నెల టిఫిను డబ్బాలో, పాత ధోవతి పేలికల్లో చుట్టి దండును పెట్టుకుని పొద్దున బస్సెక్కేవాడు. పక్క సీటువాళ్ళు "కూరేంది పెద్దాయనా?" అంటే "రాక్షసులు" అని నిజమే చెప్పేవాడు. చూద్దామని నేనూ ఒకసారి వెంట పోయాను. ఆ తర్వాత నన్ను వదల్లేదు. ఒక్కో బొమ్మ ఎన్ని అంగుళాలు జరగాలో దర్జీ టేపుతో కొలవాలి. టేపు పట్టుకునేవాడు దొంగలెక్క చెప్తాడని ఇద్దరికీ ఒకరి మీద ఒకరికి గట్టి నమ్మకం. అందుకని టేపు నా చేతికొచ్చింది.

దోస్తుకు బొమ్మ చెక్కడం రాదు. రెండు దండులూ ఈయన చేసినవే. దోస్తు పళ్ళు కూడా ఈయన కట్టినవే. పాచిక వేసే ముందు దోస్తు ఆ పళ్ళను టక్కుమని కొట్టేవాడు. "నేను జేసిన పండ్లతోటి నన్నే ఎక్కిరిస్తడు సూడు బిడ్డా" అని ఈయన నాకు మొరపెట్టుకునేవాడు.

ఇక ఆ చినిగిన పుస్తకం సంగతి. అది ఇంగ్లీషులో ఉంది. దుబాయి తమ్ముడు చదివి చెప్పినదాని ప్రకారం, చచ్చిన బొమ్మను బల్ల మీది నుంచి తీసెయ్యాలి. తీసెయ్యడమంటే ఇక ఎప్పటికీ తీసెయ్యడమే అని వీళ్ళు అనుకున్నారు. మరి తీసి ఏం చెయ్యాలి? వలల అంచుకు కట్టే సీసం గుండ్లను దోస్తు తన ఇంటి వెనకే పొయ్యి మీద పోసేవాడు. "ఇటియ్యి" అన్నాడు. అంతే. అప్పటి నుంచి ఆట ముగియగానే ఆనాటి పీనుగులన్నీ గరిటెలో కరిగి గుండ్లయిపోయేవి. ఆ గుండ్లు వలలకెక్కి నిజాంసాగర్ నీళ్ళలోకి పోయేవి. కరిగించే వేళకు ఈయన చాయ్ తాగడానికని బస్టాండు దాకా పోయేవాడు. దోస్తు ఇంట్లో అప్పుడే చాయ్ తాగి కూడా పోయేవాడు.

నేను టేపు పట్టిన కొత్తలోనే ఆ పుస్తకం తిరగేశాను. చచ్చినవాడిని ఆ ఆట వరకే పక్కన పెట్టాలని, మరుసటి ఆటకు మామూలుగా దించుకోవచ్చని సులభంగానే అర్థమైంది. పెద్ద ఉపకారం చేస్తున్నట్టు ఇద్దరికీ చెప్పాను.

దోస్తు నా వైపు అనుమానంగా చూశాడు. "అంటె సచ్చినోడు మల్ల ఐతారం లేచొస్తడా?"

"ఔ పెద్దబాపూ."

"మరి ఇగ సచ్చుడెందుకు?"

నేను ఈయన వైపు చూశాను. ఇన్నాళ్ళ నుంచి కరిగినవాళ్ళందరూ ఈయన బిడ్డలే కదా, సంతోషిస్తాడనుకున్నాను. "గా దొరలకు పనిలేదు. మనకే మంచిగ అర్థమైంది" అని పుస్తకం నా చేతిలోంచి తీసుకుని, దాని మీద వేడి చాయ్ గ్లాసు పెట్టాడు.

కానీ ఆ పట్టుదలకు తగిన గుండె ఆయనకు లేదు. అదే వచ్చిన చిక్కు. తనవాడు చస్తాడంటే వెనక్కి లాగేవాడు. దోస్తు బొమ్మ చావబోతుందంటే దాని మీదా జాలే, దాన్ని కూడా తానే చెక్కాడు మరి. దోస్తు దండుకిచ్చిన రెండు తలలవాడు మీదికి వస్తుంటే దండునంతా చాప మూలకు జరిపి, "ఇయ్యాల గాలి మంచిగ లేదు" అనేవాడు. ఇంటిలోపల, చాప మీద, గాలి! అందుకే అప్పటిదాకా ఒక్కసారి కూడా గెలవలేదు. ఓడి, బస్సెక్కి, గాంధారి చౌరస్తా దాటేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చునేవాడు. ఆ తర్వాత అనేవాడు, "ఒక్కసారి బిడ్డా. ఒక్కసారి వాణ్ని ఎల్లారెడ్డిల ఓడగొట్టి బస్సెక్కాలె."

ఆయన అందరికంటే ఎక్కువ దాచుకున్నవాడు ఒకడున్నాడు. లుంగీ, బనీను, బానపొట్ట, గొడ్డలికి బదులు మైనం కత్తి, తెరిచిన నోట్లో ఒక్క పన్ను లేదు. వాడిని పొట్టోడు అనేవాడు. అది ఎవరని అడగాల్సిన పని లేదు. దండులో అందరికంటే బలమైనవాడని రాసి పెట్టుకున్నాడు గానీ, వాడు ఏనాడూ చేయి చేసుకోలేదు. యుద్ధమంతా టిఫిను డబ్బా నీడలో నిలబడేవాడు. "ఆయినె ఇంట్ల సుత గంతే, పని మొదలైందంటె మూలకు నిలబడుతడు" అనేది అవ్వ, బీడీలు చుట్టుకుంటూ.

తర్వాత చేతులు వణకడం మొదలైంది. మొదట చాయ్ గ్లాసు దగ్గర కనపడింది. తర్వాత మైనం మీద. ఆఖరున చేసిన రాక్షసుడికి కన్ను పెట్టబోతే నుదుటి మీద పడింది. "మూడో కన్నని చెప్పుకో" అంది అవ్వ. ఆయన నవ్వాడు. నవ్వి, కుంచెను కడిగి, ఆరబెట్టి, దాని డబ్బాలో పెట్టాడు. మళ్ళీ తియ్యలేదు. డాక్టర్లు కొలతలు పంపడం మానేశారు. బల్ల మీద దవడలు తగ్గిపోయాయి.

"ఇగ కొత్తోల్లు రారు బిడ్డా" అన్నాడు ఒకరోజు, దండును పేలికల్లో చుడుతూ. "ఉన్నోల్లతోనే గెలువాలె."

ఆ ఆదివారం అవ్వ కూడా బస్సెక్కింది. అంతకుముందు ఎప్పుడూ రాలేదు. "గా వణికే చేతులతోటి డబ్బ మూత సుత తియ్యరాదు" అంది గానీ, మూత నేను తియ్యగలనని ఆమెకు తెలుసు.

దోస్తు ఇంట్లో చాప పరిచారు. మధ్యలో ఈయన ఎప్పుడో ప్లాస్టరుతో చేసిన కోట. పొద్దు వాలేసరికి ఎవరు కోటలో ఉంటే వాళ్ళది గెలుపు. ఈయన చెప్తుంటే అవ్వ బొమ్మలు జరిపింది, నేను టేపు పట్టాను. ఈయన చేతిలోంచి పాచికలు విసరకముందే జారిపోతుంటే, దోస్తు పళ్ళు టక్కుమనిపించి, "వణికితె మంచిగనే పడుతున్నయి గదరా. ముందుగాల్నే వణకకపోయినవు?" అన్నాడు. ఈయన బూతు ఒకటి తిట్టాడు. అది ఇక్కడ రాయను.

మధ్యాహ్నానికి పరిస్థితి ఎప్పటిలాగే తయారైంది. రెండు తలల సర్పంచి కోట దర్వాజాకు అడ్డంగా నిలబడ్డాడు. వాడిని ఒక్క విడత ఆపితే మిగతావాళ్ళు పక్క నుంచి లోపలికి దూరవచ్చు. ఆపగలిగినవాడు టిఫిను డబ్బా నీడలో ఉన్నాడు. ఈయన చాప మూల వైపు చూడటం మొదలుపెట్టాడు.

"ఇయ్యాల గాలి..." అన్నాడు.

"గాలి లేదు, ఏం లేదు" అంది అవ్వ. పొట్టోడి తలకాయను రెండు వేళ్ళతో పట్టుకుంది. "ఇన్నేండ్ల సంది దాస్తున్నవు. దాసి ఏం జేస్తవు? నీతోటి తీస్కపోతవా?"

నాకు అవ్వ మీద కోపం వచ్చింది, ఆ మాట అన్నందుకు. ఆయనకు రాలేదు. ఆమె వేళ్ళ మధ్య ఉన్న ఆ బానపొట్టను చూస్తూ, "తోలు ముందటికి" అన్నాడు.

పొట్టోడు దర్వాజా ముందుకు పోయాడు. నేను కొలిచాను, సరిగ్గా సరిపోయింది. ఒక విడత సర్పంచిని ఆపాడు. మిగతావాళ్ళు పక్క నుంచి కోటలోకి దూరారు. ఆ తర్వాత దోస్తు పాచిక వేశాడు. పొట్టోడు చచ్చాడు.

కోట మాత్రం ఈయనదే. గెలిచాడు. గెలిచినట్టు మాకు కొంచెంసేపు తట్టలేదు, అందరం పొట్టోడినే చూస్తున్నాం. దోస్తు గొంతు సవరించుకున్నాడు. కరిగించే విషయంలో అంతవరకు ఎవరికీ, ఒక్క గుర్రానికి కూడా మినహాయింపు ఇవ్వని మనిషి, "పాచిక చాప అంచుకు తాకిందిరా. మల్లేస్త" అన్నాడు.

తాకలేదు. అందరం చూశాం.

"తాకలె" అన్నాడు ఈయన. "సచ్చిండు. తియ్యి."

"అరె, నేనే అంటున్న గద తాకిందని."

"నువ్వు మల్లేస్తె నేను గెలిచింది ఉత్తదైతది. పొయ్యి ముట్టియ్యి."

ఆ రోజు చాయ్‌కి పోలేదు. పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చున్నాడు. గరిటె దోస్తు పట్టుకున్నాడు, పొట్టోడిని ఈయనే అందులో వేశాడు. మొదట గుండీ మసై, నా పచ్చరంగు పొగై పోయింది. కాళ్ళు పోయాయి, పొట్ట పోయింది. తలకాయ చాలాసేపు తేలింది. "పెద్దగ జేసిన గద" అన్నాడు కొంచెం గర్వంగా. అదీ మునిగాక బోసినోటితో నా వైపు తిరిగి నవ్వాడు. నేను ఏడుస్తున్నానని అప్పుడే నాకు తెలిసింది. అవ్వ ఏడవలేదు. పొగ కళ్ళలో పడిందని పక్కకు పోయింది.

గుండు చల్లారాక దోస్తు దాన్ని అమ్మకానికి పెట్టే తట్టలో వెయ్యలేదు. జేబులో వేసుకున్నాడు. "నా వలకే కడుత" అన్నాడు.

బస్సులో ఈయన ఒక్క నిమిషం కుదురుగా కూర్చోలేదు. టికెట్టు కొట్టడానికి వచ్చిన కండక్టరుతో, "ఎల్లారెడ్డి గెలిచిన" అన్నాడు. "ఎలచ్చన్లెప్పుడైనయి పెద్దాయనా?" అన్నాడు ఆయన. గాంధారి చౌరస్తా దాటింది ఆ రోజు ఎవరూ గమనించలేదు.

వానలు తగ్గాక పోయాడు. దోస్తు వచ్చాడు. ఏడుపు ఎక్కువై పళ్ళు నోట్లో నిలవకపోతే, వాటిని తీసి అంగీ జేబులో వేసుకుని మళ్ళీ ఏడ్చాడు. అవ్వ ఆనాటి నుంచి కంచం ముందు సగం ముద్దతోనే లేచేది. ఏమన్నా అంటే, "ఎవ్వలికి వండుకోవాలె?" అనేది. ఆ సంగతి ఒకసారి దోస్తు చెవిన వేశాను.

పోయిన వారం నేను ఎల్లారెడ్డి బస్సులో ఉన్నది అందుకే. దోస్తు ఫోన్ చేశాడు. అవ్వను తీసుకుని రమ్మన్నాడు, ఎందుకో చెప్పలేదు. పోయేసరికి చాప పరిచి ఉంది, యుద్ధానికి కాదు, అన్నానికి. చేపల పులుసు గిన్నె మధ్యలో పెట్టి, దోస్తు తనే వడ్డించాడు. అవ్వ ఎప్పటిలాగే అన్నం మీద చేయి పెట్టి ఊరుకుంది.

"తిను వదినె" అన్నాడు దోస్తు. "ఇది నేను వట్టింది గాదు. పొట్టోడు వట్టిండు."

అవ్వ తలెత్తింది.

"వానిని వల అంచుకు కట్టిన గద. ఎన్నడు ముందటికి పోనోడు, ఇప్పుడు వల ఇసిరితె చాలు, అందరికన్న ముందుగాల వాడే మునుగుతుండు. పొద్దుగాల గీ చేపను పట్టుకొని లేచిండు."

చెప్పి, తన పళ్ళు ఒకసారి టక్కుమనిపించి, ముక్క కొరికాడు. బాపు కట్టిన పళ్ళు, బాపు పట్టిన చేప. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి పులుసు పొలమారింది.

అవ్వ ముల్లు తీసి పక్కన పెట్టింది. ముక్క నోట్లో వేసుకుని నిదానంగా నమిలింది. ఆ కంచం ఖాళీ చేసి, దోస్తు ముందుకు జరిపింది.

"ఇంకో తునక ఎయ్యి" అంది.